దండోరా వేసినవాడు సిలబస్‌లో లేడు

రేడియో, టెలివిజన్, డిజిటల్ కమ్యూనికేషన్ అనే పేపరు ఇవాళ చాలా డిగ్రీ, పీజీ కాలేజీల్లో ఉంది. మన వాడల పిల్లలు కూడా ఈ కోర్సుల్లోకి వస్తున్నారు. తమ ఊరి సంగతి తామే చెప్పాలని వస్తున్నారు. ఈ కోరిక చిన్నదేం కాదు. మరి ఆ పేపరు వాళ్లకేం నేర్పుతోంది? మైకు ఎట్లా పట్టుకోవాలో నేర్పుతోంది. అది ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉందో, ఎందుకుందో చెప్పడం లేదు. నేను చదివిన సిలబస్‌నూ, తర్వాత పాఠం చెప్పిన సిలబస్‌నూ ముందు పెట్టుకునే ఈ మాట అంటున్నాను.

మొదటి యూనిట్ చరిత్ర. మార్కోనీ, బీబీసీ, ఆకాశవాణి, దూరదర్శన్, ఆ తర్వాత శాటిలైట్ చానళ్లు. అంతా యంత్రాల వంశవృక్షం. దానికి ముందు ‘జానపద మాధ్యమాలు’ అని రెండు పేజీలుంటాయి. అందులో డప్పు వస్తే వాద్యంగానే వస్తుంది. కానీ ఊళ్లో డప్పు చేసిన పనేమిటి? శిస్తు కట్టమని చెప్పాలన్నా, అధికారి వస్తున్నాడని చెప్పాలన్నా, చావు కబురు చేరాలన్నా మాదిగోడే చాటింపు వెయ్యాలి. ఊరంతటికీ వార్త మోసినవాడు అతడు. ఆ వార్తలో అతని మాట ఒక్కటీ ఉండదు. గొంతు ఒకరిది, మాట ఇంకొకరిది. పైగా అది వెట్టి. ప్రసారంలో అధికారం ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంది? 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఆ ఉద్యమం దండోరా పేరునే ఎత్తుకుంది. పరాయి మాట చాటిన డప్పు తన మాట తాను చాటింది. కమ్యూనికేషన్ చదివేవాళ్లకు ఇది పాఠం కాకపోతే ఇంకేది పాఠం?

రెండో యూనిట్ అభివృద్ధి ప్రసారం. 1958 నాటి లెర్నర్, 1962 నాటి రోజర్స్ ఇప్పటికీ పరీక్షల్లో వస్తున్నారు. రోజర్స్ జనాన్ని కొత్తదాన్ని ముందుగా అందుకునేవాళ్లు మొదలుకొని చివరన మిగిలే వెనకబడ్డవాళ్ల దాకా వరుసగా నిలబెట్టాడు. భూమి లేనివాడు కొత్త వంగడం వేయకపోతే అది అతని బుద్ధి లోపమా? ఆ పాత నమూనాకు కాలం చెల్లుతోందని రోజర్సే 1976లో రాశాడు. ఆ వ్యాసం మాత్రం మన నోట్సుల్లోకి రాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా నడిచిన సైట్ ప్రయోగం గురించి ఉపగ్రహం పేరు, రాష్ట్రాలు ఆరు, గ్రామాలు సుమారు 2,400 అని బట్టీ పట్టిస్తారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరందరికీ ఒక్కటే సెట్టు. ఊరుమ్మడి బావి దగ్గరే మనల్ని ఆపిన ఊళ్లో ఆ ఊరుమ్మడి టీవీ ముందు ఎవరెక్కడ కూర్చున్నారు? ఈ ప్రశ్న క్వశ్చన్ పేపర్లో నేనెన్నడూ చూడలేదు.

మూడోది భాష. వాయిస్ ప్రాక్టికల్స్‌లో ఉచ్చారణ దిద్దుతారు. స్పష్టంగా పలకడం నేర్పితే మంచిదే. కానీ దిద్దేది ఎవరి నోటిని? కోస్తా జిల్లాల చదువుకున్న అగ్రకులాల పలుకుకు ‘భాష’ అని పేరు. మిగతాదంతా ‘యాస’. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. క్లాసులో నోరు తెరవకపోతే తెలివి లేదన్నారు, తెరిస్తే యాస అన్నారు. నాలాంటివాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. వాళ్లు చివరికి ఎడిటింగ్ టేబుల్ వెనక్కో, కెమెరా వెనక్కో సర్దుకుంటారు. ఆ పనులు తక్కువవని కాదు. గొంతు వినిపించే చోటు మాత్రం వాళ్లకు దక్కదు.

ఇక చట్టం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఆ ఆస్తి ప్రజల్లో ఎవరికి అందింది? జహీరాబాదు దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివరి నుంచే స్టూడియో పెట్టుకుని కార్యక్రమాలు తయారు చేశారు. లైసెన్సు లేదు కనక క్యాసెట్ల మీద ఎక్కించి సంఘం మీటింగుల్లో వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి 2006లో వచ్చింది. సంగం రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. జొన్నలు, కొర్రలు, విత్తనం దాచుకోవడం, పాటలు, అంతా వాళ్ల పలుకులోనే. అయితే కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదని 2006 నిబంధన. తర్వాత సడలించినా, ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు మళ్లీ వినిపించడానికే. పెట్టుబడి ఉన్న టీవీ చానలు ఇరవైనాలుగ్గంటలూ వార్తలు చెప్పొచ్చు. మాచనూరు ఆడవాళ్లు తమ ఊరి కూలి గొడవను వార్తగా చెప్పకూడదు. ఇక్కడా మళ్లీ పాత చాటింపు నియమమే. గొంతు మీది, మాట మాది.

న్యూస్‌రూమ్ సంగతి చూడండి. 2006లో ఢిల్లీ కేంద్రంగా ఉన్న 37 హిందీ, ఇంగ్లీషు మీడియా సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మందిని లెక్కిస్తే ఒక్క ఎస్సీ, ఒక్క ఎస్టీ దొరకలేదు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ లెక్కలో 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవే. ఎస్సీ, ఎస్టీలు అప్పుడూ సున్నాయే. 1920లోనే ‘మూక్ నాయక్’ పెట్టిన అంబేద్కర్‌ను జర్నలిస్టుగా చదివించని కోర్సు ఈ సున్నాను వివరించలేదు.

డిజిటల్ వచ్చాక అడ్డంకులన్నీ పోయాయంటున్నారు. కొంత నిజమే. హైదరాబాదులో మొదలైన దళిత్ కెమెరా వంటి ప్రయత్నాలు చానళ్లు పట్టించుకోని సాక్ష్యాలను రికార్డు చేశాయి. 2016లో రోహిత్ వేముల మరణం దేశం ముందుకు రావడంలో విద్యార్థుల ఫోన్ల పాత్ర పెద్దది. కానీ ఏ వీడియో ఎంతమందికి చేరాలో తేల్చేది కంపెనీ. డబ్బు ఖర్చుపెట్టగలిగినవాడి వీడియో ముందుంటుంది. గేటు పోయిందనుకుంటే, కాపలావాడు కనపడని గేటు వచ్చింది.

‘కెమెరాకు కులం ఉండదు’ అని మాస్టార్లు అంటారు. నిజమే, ఉండదు. కెమెరా ఎటు తిప్పాలో చెప్పేవాడికి ఉంటుంది. టెక్నిక్ వద్దని నేననడం లేదు. మనకది అందరికంటే ఎక్కువ అవసరం. టెక్నిక్‌తో పాటు ఈ చరిత్ర కూడా కావాలి. చాటింపు, మూక్ నాయక్, 1995 తీర్పు, సంగం రేడియో పాఠాలుగా రావాలి. ప్రాక్టికల్స్‌లో విద్యార్థి తన ఇంటి పలుకులో ఒక్క బులెటిన్ అయినా చదవాలి. చానళ్ల యజమానులెవరో, ఎడిటర్లెవరో లెక్క తీయడం ప్రాజెక్టు కావాలి. వీటికి కొత్త స్టూడియో అక్కర్లేదు, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక తీర్మానం చాలు. ఆ తీర్మానం అడగాల్సింది మనమే. విద్యార్థి సంఘాలు హాస్టలు, స్కాలర్‌షిప్పుల డిమాండ్ల పక్కనే సిలబస్‌ను కూడా రాసుకోవాలి.