నాగభూషణం విరుపు వినిపించేలా

1971లో వచ్చిన మన కౌబాయ్ సినిమా ‘మోసగాళ్ళకు మోసగాడు’ను అరిగిన ప్రింటు నుంచి తీసిన కాపీల్లోనే ఏళ్ల తరబడి చూశాం. 2023 మే 31న, కథానాయకుడు కృష్ణ పుట్టినరోజుకి, అదే సినిమా 4కెలో థియేటర్లకొచ్చింది. అప్పట్నుంచీ పాత సినిమాలు బాగుచేసేవాళ్లంటే నాకు గౌరవం అంతా ఇంతా కాదు. ఈస్ట్‌మన్‌కలర్ ఫిల్ములో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందుగా వెలిసి, బొమ్మంతా ఎర్రబారుతుంది. దొరికిన నెగెటివునో ప్రింటునో శుభ్రం చేసి, స్కాన్ చేసి, సెకనుకు 24 చొప్పున ఉండే ఫ్రేములన్నిటి మీదా గీతలూ మరకలూ తుడవాలి. గుర్రం కాళ్ల కింద లేచే ఇసుకను మాత్రం దుమ్మనుకుని చెరిపేయకూడదు! ఫిల్ములో సహజంగా ఉండే సన్నని రేణువుల్ని (గ్రెయిన్) మొత్తం తీసేస్తే మొహాలు మైనపు ముద్దలైపోతాయి. శబ్దం పని ఇంకా కష్టం. మాట, పాట, తుపాకీ మోత అన్నీ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటాయి. ట్రాకులోని బుసను తగ్గిస్తూనే, నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం మాట విరిచే తీరు చెడకుండా కాపాడాలి. నవ్వంతా ఆ విరుపులోనే ఉంది మరి. అలా బాగుచేసిన ప్రతి అయితే, ఔటర్ రింగు రోడ్డు లారీల హోరు వినిపించే హైదరాబాద్ శివారు కండ్లకోయలోని ఇంట్లోనైనా వాల్యూమ్ పెంచకుండానే ఆ మాట చెవినపడుతుంది. వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా పట్టిన రాజస్థాన్ ఇసుక ఇసుకలా, ఆకాశం ఆకాశంలా కనిపిస్తాయి. అమ్మమ్మా మనవడూ ఒకే చోట నవ్వుతారు.