సంతుష్టి, సంతృప్తి, చాలు

తెలుగు సాహిత్య చరిత్ర వ్రాసేవారు క్రైస్తవ వాఙ్మయము దగ్గరకు వచ్చేసరికి సాధారణముగా రెండు విషయములతో సరిపెట్టుకొంటారు. ఒకటి, మిషనరీలు కూర్చిన వ్యాకరణములు, నిఘంటువులు. రెండవది, జాషువాగారి కావ్యములు. ఈ రెంటి నడుమ మరొక వచన వాఙ్మయము కలదు. దినమునకొక పుట చొప్పున సంవత్సరము పొడుగునా చదువుకొనే ధ్యానములు, సంతోషముగా ఎట్లు జీవించవలెను, ఉన్నదానితో తృప్తి ఎట్లు పొందవలెను అని బోధించే చిన్న పుస్తకములు దానిలోనివి. ఎన్నో తెలుగు ఇండ్లలో తెల్లవారగానే మొదట తెరచేది ఇవే. వీటిలో చాలభాగము అనువాదములు. వీటి భావమును మెచ్చుకొన్నవారు ఉన్నారు, మతదృష్టితో విమర్శించినవారు ఉన్నారు. వాక్యమును పట్టుకొని చూచినవారు అరుదు. నేనును చూడలేదు. పైగా అట్టి పుస్తకములు ఒకటి రెండు అనువదించిన బాధ్యత నాకు కలదు.

చూడవలసి వచ్చినది సంత్రాగాఛిలో. హౌరా విడిచి దక్షిణముగా వచ్చే రైలుదారిలో ఇది ఒక జంక్షను. శీతకాలములో ఇక్కడి చెరువు మీద వలసపక్షులు వ్రాలుతవి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఈ దారి వెంట పనికి వచ్చిన తెలుగువారు ఖరగపూరులో విశేషముగాను, ఇక్కడ కొద్దిమందిగాను నిలిచిపోయినారు. ఎక్కువమంది కళింగాంధ్రము వారు. మూడవ తరము పిల్లలు బడిలో వంగభాష, హిందీ చదువుతారు. తెలుగు ఇంటిలో వింటారు, ప్రార్థనలో వింటారు. ఒక మిత్రుడు నన్ను అట్టి ఒక ఇంటి ప్రార్థన కూటమికి తీసుకొనిపోయినాడు. ఆ ఇంటి పెద్దావిడ భర్త పట్టాల మీద గ్యాంగుపని చేసి గతించినాడు. ఆమె కళ్లజోడు సరిచేసుకొని ఆనాటి ధ్యానము పైకి చదివినది. రెండు వాక్యములు వినగానే ఆ పుస్తకము నేను ఇరువది యేండ్ల క్రిందట ఆంగ్లము నుండి చేసినదని తెలిసినది. నా పేరు లోపలి పుటలో చిన్న అక్షరములలో ఉన్నది; ఆమె చూచినట్లు లేదు.

ఆమె అంతా చదువలేదు. కథ వచ్చినచోట నెమ్మదిగా చదివినది. బైబిలు మాట వచ్చినచోట రెండుమార్లు చదివినది. నడుమ ఒక పేరా మొత్తము విడిచి, చివరి ప్రార్థనకు పోయినది. విడిచిన పేరా నాకు గుర్తున్నది: సంతృప్తియే మానవునికి లభించే నిజమైన ఐశ్వర్యమని, లేమిని గూర్చి చింతించుట అవిశ్వాసమునకు చిహ్నమని దాని సారాంశము. ఆనాడు ఆ పేరాను మూడుమార్లు తిరిగి వ్రాసి, నున్నగా వచ్చినదని సంతోషించినాను.

కూటము ముగిసిన తరువాత, "నడుమ కొంచెము వదిలిపెట్టినారేమమ్మా?" అని అడిగినాను.

"అదా బాబూ? అది రాసినాయన కూకొని రాసినాడు. నాకు సదువుతుంటే పట్టదు. పాట కాడికెల్లిపోతాను," అన్నది.

అది నేను వ్రాసినదే అని చెప్పలేదు. చెప్పినచో ఆమె నొచ్చుకొని మరునాటి నుండి ఆ పేరా కూడ చదివేది.

ఇంటికి వచ్చి, ఆమెకు పట్టనిది భావమా, భాషయా అని ఆలోచించినాను. భావము బైబిలులోనిదే కదా, దానిని ఆమె రెండుమార్లు చదివినది కదా అనిపించినది. కాని బైబిలులో ఆ భావము ఎట్లున్నదో చూస్తే సంగతి వేరుగా ఉన్నది.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగు అధ్యాయములది. అందులో సంతోషము, ఆనందించుట అనే మాటలు పదిమార్లకు మించి వస్తవి. వ్రాసినవాడు బంధకములలో ఉన్నాడు. విడుదలయో మరణమో తెలియదు. సంతుష్టిని గూర్చి చెప్పవలసినపుడు అతడు గ్రీకు స్టోయిక్కు తత్త్వవేత్తలకు ప్రియమైన ఒక పదము ఎత్తుకొన్నాడు. 'తనకు తాను చాలినవాడు' అని దాని అర్థము. ఇతరులతో పనిలేని ధీరుడు వారి ఆదర్శము. పౌలు ఆ పదమునే వాడి దాని లోపలి సరుకు మార్చివేసినాడు. ఇది తనకు పుట్టుకతో వచ్చినది కాదని, ఆకలిలోను సమృద్ధిలోను నేర్చుకొన్న విద్య అని, తన బలము తనది కాదని అంటాడు. అంతటితో ఆగక, తన శ్రమలో పాలుపంచుకొన్నందుకు ఫిలిప్పీయులను మెచ్చుకొని, వారు పంపినది ముట్టినదని తెలుపుతాడు. సంతుష్టిని గూర్చిన ఆ ప్రసిద్ధ వాక్యము ఉన్నది ఒక ఖైదీ వ్రాసిన రసీదులో! మన ప్రేరణ గ్రంథములు ఆ వాక్యమును మాత్రము కత్తిరించి తీసుకొన్నవి, రసీదును విడిచిపెట్టినవి. తోటివారు పంపిన సహాయము నడుమ పుట్టిన మాట, ఒంటరివానికి చెప్పే హితవుగా మారినది.

తెలుగు బైబిలులో ఈ పదకుటుంబము ఒకచోట 'సంతృప్తి', మరొకచోట 'సంతుష్టి' అయినది. రెండును సంస్కృతములే, రెంటికిని చరిత్ర కలదు. సంతృప్తి అనగానే మనకు భోజనము ముగిసిన వాసన తగులుతుంది. సంతుష్టి అనగానే గీతలోని యోగి కనబడతాడు. సంతోషమును పతంజలి నియమములలో చేర్చినాడు. ఆనందము తైత్తిరీయోపనిషత్తు పాలిటిది. ఇన్ని పాత ఇండ్లలో కాపురముండి వచ్చిన మాటలను అనువాదకులము ఒకదాని బదులు ఒకటిగా, చెవికి ఏది బాగున్నదో అది, వాడివేసినాము. అందుచేత పుస్తకములలో యోగి మాట ఒకటి, విందు మాట ఒకటి, వేదాంతి మాట ఒకటి కలిసి పేరాలు నిండుగా కనబడతవి; పట్టుకొనేందుకు మాత్రము ఏమియు దొరకదు.

పాత అనువాదకులు ఒక్కచోట మహత్తరమైన పని చేసినారు, తెలిసి చేసినారో తెలియక చేసినారో. కొండమీది ప్రసంగములో దీనులకు, దుఃఖపడేవారికి వారిచ్చిన పేరు 'ధన్యులు'. ధన్యుడనగా వ్యుత్పత్తిని బట్టి ధనము పొందినవాడు. ధనము లేనివానిని ఆ మాటతో పిలుచుట మూలములో ఉన్న విరోధమును తెలుగులో రెట్టింపు చేసినది. 'సుఖులు' అని గాని 'సంతోషవంతులు' అని గాని వ్రాసియుంటే ఆ దెబ్బ తగిలేది కాదు. దుఃఖము పోలేదు, దుఃఖము ఉండగానే పిలుపు వచ్చినది. మన ప్రేరణ వచనము మరచినది దీనినే అని నాకు తోస్తున్నది.

ఆ పెద్దావిడ 'పాట కాడికి' పోయినది కదా, ఆ పాట పురుషోత్తమ చౌధురిగారిది. సంత్రాగాఛిలో కూర్చుండి ఆయనను తలచుకొనుట చిత్రముగా ఉన్నది. ఇక్కడి నుండి హౌరా చేరి, హుగ్లీనది ఒడ్డున ఉత్తరముగా పోతే శ్రీరామపురము వస్తుంది. విలియం కేరీ, ఆయన సహచరులు 1800 నుండి అక్కడ అచ్చుకూటము నడిపినారు. 1812లో అది కాలిపోయినది. వ్రాతప్రతులు, అక్షరపు అచ్చులు బూడిదైనవి. అయినను 1814లో కేరీ తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడే వెలువడినవి. ఆ తెలుగు నేటి పాఠకునికి కొరుకుడుపడదు. అచ్చును వంగభూమి ఇచ్చినది గాని పాటను ఇవ్వలేకపోయినదందామా, పాట ఇచ్చినవాడును వంగ వంశజుడే. చౌధురిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున, వంగదేశము నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబములో జన్మించి, 1833లో కటకములో బాప్తిస్మము పొంది, 1890లో కన్నుమూసినారు. ఆయన కీర్తనలు రాగతాళములతో, పల్లవి చరణములతో, కర్ణాటక బాణీలో నడుస్తవి. త్యాగరాజుగారు 1847 వరకు జీవించినారు గనుక ఇద్దరిని సమకాలికులనే అనవచ్చును.

సంగీత విషయము అధికారులకు విడిచి, వ్యాకరణమును చూస్తాను. ఆ కీర్తనలలో మాటలాడేది 'నేను'. వినేది దేవుడు. శ్రోతలమైన మనము ఆ సంభాషణను ప్రక్క నుండి వింటాము, తరువాత ఆ 'నేను'లో ప్రవేశిస్తాము. ప్రేరణ వచనములో మాటలాడేవాడు కనబడడు, వినేది 'మీరు'. మీరు చింతించకుడి, మీరు కృతజ్ఞులై యుండుడి, మీరు నవ్వుతూ లేచినచో దినమంతయు నవ్వుతుంది. పౌలు కూడ 'మీరు ఆనందించుడి' అను తీరున ఆజ్ఞాపించలేదా అని అడుగవచ్చును. ఆజ్ఞాపించినాడు, చేతికి సంకెళ్లు ఉండగా. ఆ సంకెళ్ల చప్పుడు ఆజ్ఞలో వినబడుతుంది. సంకెళ్లు లేని ఆజ్ఞ ఆరోగ్యశాఖవారి ప్రకటన వలె ఉంటుంది.

ఈ వచనమంతా ఒక్క తీరుది అనుట అన్యాయము. 'ఎడారిలో సెలయేర్లు' అనే అనువాద గ్రంథము తెలుగు క్రైస్తవుల ఇండ్లలో ఎంత ప్రియమైనదో చెప్పనవసరము లేదు. మూలమును 1925లో శ్రీమతి చార్లెస్ కౌమన్ ప్రకటించినారు. ఆమెయు భర్తయు జపానులో మిషనరీలు. ఆయన గుండె చెడి స్వదేశము చేరి, యేండ్ల తరబడి మంచమున ఉండి 1924లో మరణించినాడు. ఆ మంచము ప్రక్కన కూర్చుండి ఆమె చదివినవి, ఏరినవి ఆ పుస్తకమైనవి. పలువురి వ్రాతలు అందులో ఉన్నవి, అన్నియు మంచివి కావు; కొన్ని పుటలు ఉపమానముల భారముతో కుంగిపోతవి. అయినను అందులో ప్రతి ఓదార్పునకు ముందు బాధను ఒప్పుకొనుట కలదు. ఎడారిని ఎడారి అన్న తరువాతనే సెలయేరు. ఆ పెద్దావిడ గూటిలో అదియు ఉన్నది. అట్టలు ఊడినవి, దారముతో కుట్టుకొన్నది. నా పుస్తకము అట్టలు మాత్రము కొత్తగా ఉన్నవి.

దీనికి ఎదురుగా 1952లో అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ ప్రకటించిన గ్రంథము, దాని సంతానము ఉన్నవి. ఆలోచన మార్చుకొన్నచో బ్రతుకు మారునని వాటి సిద్ధాంతము. మన భాషలోనికి వచ్చిన అనేక పుస్తకముల స్వరము ఇది. ఇందులో సత్యలేశము లేదనను. కాని ఇక్కడ ఎడారి అనేది చూచేవాని కంటిలో దోషమైపోతుంది.

ఇది రుచిభేదము మాత్రమే అయితే ఇంత వ్రాయనవసరము లేదు. తెలుగునాట క్రైస్తవ సంఘములలో అధికసంఖ్యాకులు ఊరి వెలుపల ఉంచబడిన కులముల నుండి వచ్చినవారు. ఉన్నదానితో తృప్తిపడుమని వారికి క్రైస్తవము రాకముందే తరతరములుగా చెప్పినవారు ఉన్నారు; అది సువార్త కాదు, ఊరి కట్టుబాటు. అదే మాటను బైబిలు పేరుతో మరల చెప్పేటపుడు రచయిత తన వాక్యము ఎవరి చెవిన పడుచున్నదో ఎరిగియుండవలెను. జాషువాగారు ఎరుగుదురు. 1941లో 'గబ్బిలము' వ్రాసినపుడు ఆయన కథానాయకుడు తృప్తిపడలేదు. గుడిలోనికి తనకు పోరాదు గనుక పోగల గబ్బిలముతో శివునికి తన మొర పంపుకొన్నాడు. సాహిత్య అకాడమీ 1964లో గౌరవించినది అదే కవి 'క్రీస్తు చరిత్ర'ను. ఆ రెండు కావ్యములను వేరువేరు అరలలో పెట్టుట మనకు అలవాటు. ఒకటి సాంఘికము, ఒకటి భక్తి అంటాము. మొర పెట్టుకొన్న గొంతే క్రీస్తును పాడినదని గమనిస్తే, క్రైస్తవ సంతుష్టికి తెలుగులో తగిన వ్యాఖ్య అక్కడ దొరుకుతుంది. భక్తి గ్రంథముల అనువాదకులు జాషువాను చదువకుండ కలము పట్టరాదని నా అభిప్రాయము. నేను చదివియు పట్టినాను, అది వేరు సంగతి.

ఇంతకును మనకు సంస్కృతము కాని మాట ఒకటి ఉన్నది: 'చాలు'. విస్తరి ముందు కడుపు నిండినవాడు చేయి అడ్డుపెట్టి అనే మాట అది. దెబ్బలు తినేవాడు చేయి అడ్డుపెట్టి అనే మాటయు అదే. స్టోయిక్కుల 'తనకు తాను చాలినవాడు' అన్న అర్థము చెప్పేందుకు కూడ నాకు ఈ ధాతువే వలసి వచ్చినది, పైన చూడవచ్చును. సంతృప్తిలో మొదటి 'చాలు' మాత్రమే ఉన్నది. రెండవదానికి అందులో చోటు లేదు. కీర్తనల గ్రంథములో రెండును ఉన్నవి. అందులో మొరలు ఎన్ని ఉన్నవో చూచిన వారెవ్వరును దానిని చిరునవ్వుల పుస్తకమనరు.

ఆ పుస్తకము పునర్ముద్రణకు సవరణలు అడిగినారు. ఐశ్వర్యము, అవిశ్వాసము, చిహ్నము అనే మూడు మాటలు తీసివేసినాను. చింతించుట తప్పు అనే వాక్యము తీసివేయుటకు అనువాదకునికి అధికారము లేదు. కనుక దానిని 'మీరు' నుండి 'నేను'కు మార్చుటకు మూలకర్త వారసుల అనుమతి కోరినాను, జవాబు ఇంకను రాలేదు. సవరించిన పుటను వ్రాతప్రతిగానే ఆ పెద్దావిడకు ఇచ్చి చదువుమన్నాను. ఈసారి నడుమ వరకు వచ్చినది. అక్కడ ఆగి, కళ్లజోడు తీసి, పాట ఎత్తుకొన్నది.