సముద్రానికి టోకెను

మాఘపూర్ణిమకి సముద్రస్నానం చెయ్యాలని మా అత్తగారు ఏళ్ళ తరబడి అంటూంటే, ఆమధ్య విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఊరికి ఎడంగా, జనం పల్చగా ఉండే చోటు చూసుకుని ఆటో దిగామా, ఎదురుగా ఓ పెద్ద హోటలు ప్రహరీ! హోరు వినిపిస్తోంది గాని సముద్రం కనిపించదు. "ఇటు దారి లేదమ్మా, రూము తీసుకున్నవాళ్ళకే. లేకపోతే తలకింతని కట్టి టోకెను తీసుకోవాలి" అన్నాడు వాచ్‌మన్.

"సముద్రుడికి టోకెనేమిటి నాయనా?" అన్నారు మా అత్తగారు.

పాపం, అతను మాత్రం ఏం చెబుతాడు? హోటలువారి రంగుల కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక దాన్ని నవల చదివినంత శ్రద్ధగా చదివాను. బొమ్మల్లో కొబ్బరిచెట్లున్నాయి, గొడుగులున్నాయి, నల్లకళ్ళద్దాల అమ్మాయి ఉంది. వల లాగే మనిషి గాని, చేపల గంప ఎత్తుకున్న మనిషి గాని మచ్చుకైనా లేరు. ఆ ఇసుక మీద ముందునించీ ఉన్నది వాళ్ళే మరి! అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది "మా సొంత బీచి" అన్న మాట. స్థలం కొనుక్కోవచ్చు, గోడ కట్టుకోవచ్చు. అల తడిపే ఇసుకని ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు? గాలి, పారే నీరు, సముద్రం, దాని తీరం అందరివీ అని ఆరో శతాబ్దంలోనే రోము చక్రవర్తి జస్టీనియన్ న్యాయగ్రంథంలో రాయించాడు. అంతదూరం ఎందుకు? 1991లో మన కేంద్రప్రభుత్వం తీరప్రాంతానికి పెట్టిన నిబంధనల్లో, జనం సముద్రం దగ్గరికి వెళ్ళడానికి రెండు హోటళ్ళ మధ్య కనీసం 20 మీటర్ల జాగా వదలాలని రాశారు. 20 మీటర్లంటే మేళతాళాలతో పెళ్ళి ఊరేగింపే సాగిపోతుంది!

పోనీ, హోటలువాళ్ళది వ్యాపారం. 2023 జులైలో ఋషికొండ బీచికి సర్కారువారే తలకి 20 రూపాయల టిక్కెట్టు పెట్టబోయి, జనం గోలపెడితే వెనక్కి తగ్గారు. ఇసుక శుభ్రం చెయ్యడానికీ, మునిగేవాళ్ళని కాపాడే ఈతగాళ్ళకీ డబ్బు కావద్దూ అంటారు. కావాలి, కాదనను. చీర మార్చుకునే గది శుభ్రంగా ఉంటే పది రూపాయలివ్వడానికి ఏ ఆడదీ వెనకాడదు. అది గదికిచ్చే డబ్బు. కూలికెళ్ళే ఇంట్లో ఐదుగురు ఆదివారం సాయంత్రం కాళ్ళు తడుపుకోవడానికి వంద రూపాయలా?

అమెరికాలోని హవాయి దీవుల్లో బీచీలు చట్టప్రకారం జనానివి. తీరాన్ని కాపాడుకోవడానికి అక్కడివాళ్ళు 2025లో చట్టం చేసి, 2026 జనవరినుంచి హోటలు గదుల మీద పన్ను ముప్పాతిక శాతం పెంచారు. పడుకునే చోట వసూలు చేశారు గాని, ఇసుక దగ్గర చెయ్యి చాపలేదు. (హనౌమా అఖాతం లాంటి కొన్ని చోట్ల మాత్రం పైవాళ్ళకి టిక్కెట్టుంది. హనౌమా పగడపు దిబ్బలున్న రక్షిత స్థలం, ఆ లెక్క వేరు.)

ఇంతకీ స్నానం మాటా? మైలు దూరం చుట్టూ తిరిగాక, చేపలు ఆరబెట్టుకుంటున్న ఒకావిడ "ఇలా రండమ్మా" అని పడవల మధ్యనించి తీసుకెళ్ళింది. మా అత్తగారు మూడు మునకలు వేసి, తడిచీరతోనే ఆవిడకి బొట్టు పెట్టారు. ఆ చీర మార్చుకోవడానికి మాత్రం ఎక్కడా మరుగు లేదు. ఆవిడా, నేనూ చెరోవైపూ దుప్పటి అడ్డం పట్టాం.