మూకాభినయమున హాస్యశృంగారములు: 'సిటీ లైట్స్' చిత్ర పరిశీలనము

చార్లీ చాప్లిన్ రచించి, దర్శకత్వము వహించి, తానే నాయకుడుగా నటించిన 'సిటీ లైట్స్' చిత్రము 1931 జనవరి 30వ తేదీన లాస్ ఏంజిలిస్ నగరమున తొలిసారి ప్రదర్శింపబడెను. అప్పటికే అమెరికాలో మాటలాడు చిత్రములు వచ్చి మూడేండ్లు గడచినవి. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' ఆ మార్చి నెలలోనే వెలువడినది. అట్టి కాలమున చాప్లిన్ సంభాషణములను పరిహరించి, సంగీతమును మాత్రము చేర్చి, తన చిత్రము మూకాభినయమున నడచు హాస్యప్రణయకథ యని ప్రారంభ ఫలకమునందే ప్రకటించెను. అందలి హాస్యమునకును ప్రణయమునకును గల సంబంధ మెట్టిదో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

శృంగారమునుండి హాస్యము జనించునని భరతుని మతము. వికృతవేషము, వికృతచేష్ట హాస్యమునకు విభావములు. సంస్కృత నాటకములందు ప్రేమించువాడు నాయకుడు, నవ్వించువాడు విదూషకుడు. చాప్లిన్ ఈ ఇరువురిని ఒక్క దేహమున నిలిపినాడు. చినిగిన దుస్తులు ధరించిన దేశదిమ్మరియే ఇచట ప్రణయనాయకుడు. చిత్రమునందలి చిక్కంతయు ఇందుండియే పుట్టుచున్నది.

వీథిలో పూవులమ్ము అంధబాలిక కారు తలుపు మూసిన చప్పుడు విని, అందుండి దిగివచ్చిన దేశదిమ్మరిని ధనికుడని భ్రమించును. అతడు నిజమునకు వాహనముల రద్దీ దాటుటకై ఆ కారులో ఒక వైపున దూరి వేఱొక వైపున దిగినవాడు. చూడలేని యువతికి ఇట్టి భ్రాంతి ఎట్లు కలుగునన్న ప్రశ్నకు సమాధానము దొరకువఱకు చాప్లిన్ ఈ దృశ్యమును ఎన్నియో మాఱులు తిరిగి చిత్రించెను. ఆ శ్రమ వ్యర్థము కాలేదు. ఆమె విన్న శబ్దమును మనము ఆమె ముఖమునుండి గ్రహింతుము. వాచికము లేని లోటు ఆంగికముచే తీఱుటయే కాదు, ఒక్క భ్రాంతియే మనకు హాస్యమును, ఆమెకు అనురాగమును కలిగించుచున్నది.

ఇక ధనికుని వృత్తాంతము. ఆత్మహత్యకు పూనుకొన్న అతనిని దేశదిమ్మరి రక్షించును. మత్తులో నున్నంతసేపు ధనికుడు వానిని ప్రాణమిత్రునిగా కౌగిలించుకొనును. మత్తు దిగగానే ఎఱుగనివానివలె గెంటించును. శాకుంతలమున దుర్వాసుని శాపము చేసిన పనిని ఇచట మద్యము చేయుచున్నది. అయితే కాళిదాసు మఱపును, గుర్తింపును దుష్యంతుని యందే ఉంచెను. చాప్లిన్ వానిని విభజించి, మఱపును కన్నులున్న ధనికునకును, గుర్తింపును కన్నులు లేని బాలికకును ఒసగెను.

కడపటి దృశ్యమునందు ఈ నిర్మాణము ఫలించును. నాయకుడు తెచ్చి యిచ్చిన ధనముతో బాలికకు చూపు వచ్చినది. ఆమె యిపుడు పూల దుకాణమునకు యజమానురాలు. ఆ ధనమును దొంగిలించెనన్న నిందపై చెఱసాల కేగి వచ్చిన నాయకుని వీథిలో పత్రికలమ్ము బాలురు ఏడిపింతురు. అద్దము వెనుకనుండి చూచి ఆమె నవ్వును. పిదప జాలితో ఒక పూవును, నాణెమును ఈయబోయి, అతని చేయి తాకినంతనే గుర్తించును.

ఇచట హాస్యము కరుణలో కరగిపోయెనని కొందఱు తలంపవచ్చును. అది సరి కాదు. హాస్యవిభావములన్నియు యథాతథముగనే యున్నవి. అవే చినుగులు, అదే నడక. మాఱినది నవ్వువారు మాత్రమే. అంతవఱకు మనము నవ్వితిమి; ఇపుడు నాయికయే నవ్వినది. మన నవ్వు ఎంత గ్రుడ్డిదో ఆమె నవ్వుచే మనకు తెలియుచున్నది. శకుంతల ఉంగరము పూర్వానురాగమును మరల నిలిపినది. ఈ హస్తస్పర్శ అట్లు కాక, ఆమె ఊహలోని ధనికుని ఒక్క క్షణమున తుడిచివేయుచున్నది. కనుక ఇది సంభోగమో విప్రలంభమో చిత్రము చెప్పదు. పూవు చేతబట్టి బెదరుచు నవ్వు నాయకుని ముఖముతో ముగియును.

దోషములు లేకపోలేదు. ఈల మ్రింగి ఎక్కిళ్లతో విందును చెఱచు ఘట్టము నవ్వించునే కాని, కథకు గాని ప్రణయమునకు గాని తోడ్పడదు. ముష్టియుద్ధ ఘట్టము ఇంతకంటె దీర్ఘమే అయినను, బాలిక ఇంటి అద్దె కొఱకే నాయకుడు దెబ్బలు తినుటకు సిద్ధపడినాడు గాన, అందు హాస్యము శృంగారమునకు అంగమై నిలిచినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, చాప్లిన్ హాస్యము ఎచట కేవల వినోదమో, ఎచట రసపోషకమో స్పష్టమగును.

రసచర్చ శ్రవ్యదృశ్యకావ్యములకే పరిమితమని భావించు విద్యార్థులకు ఈ చిత్రము మంచి పరీక్ష. అచట మాట లేదు. విభావానుభావములు మాత్రమే కలవు. వానితోడనే రసము నిష్పన్నమగుచున్నది.