నిన్న దీంతో ఏం చేశారు?

లాలాపేట్‌లో ఉండేవాళ్లకు సైన్సు ఇరుగుపొరుగు వ్యవహారం. తార్నాక దాటి ఉప్పల్ రోడ్డు ఎక్కితే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు. ఇటు ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ. భూకంప తరంగాలు లెక్కగట్టేవాళ్లకూ జన్యువుల వరసలు చదివేవాళ్లకూ ఇప్పుడు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లేనిదే పూట గడవదు. దానికి బిల్లు ఉండదు. బిల్లు లేదు కాబట్టి ఎవరు వాడుతున్నారో జాబితా కూడా ఉండదు.

డౌన్‌లోడ్ల లెక్క ఉందిగా అంటారు. దాన్ని నేను నమ్మను. ఒక ల్యాబులో సర్వర్ మీద ఒక్కసారి పెడితే అందరూ వాడుకుంటారు. ఇంకోచోట ప్రోగ్రాములు పరీక్షించే యంత్రమొక్కటే పదేపదే దించుకుంటూ ఉంటుంది. అందుకే మనుషుల్ని అడగాలి.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అంకెల పనంతా మోసే నమ్‌పై 1.0 వెర్షన్ 2006లో వచ్చింది. బ్లాక్‌హోల్ మొదటి చిత్రం వెనకా అది ఉంది. అంతటి దానికి మొదటి అధికారిక యూజర్ల సర్వే 2020లో గానీ జరగలేదు. మిషిగన్, మేరీలాండ్ విశ్వవిద్యాలయాల్లో సర్వే శాస్త్రం చదివేవాళ్లు, చెప్పేవాళ్లు సాయం పట్టారు. 75 దేశాల నుంచి 1,200 మందికి పైగా జవాబిచ్చారు. మంచి ప్రయత్నమే. కానీ ఇలాంటి సర్వేకు జవాబిచ్చేది కబురు అందినవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు. నమ్‌పై మీద కట్టిన పాండాస్‌తో పట్టికలు చేసుకునే విద్యార్థికి అడుగున నమ్‌పై ఉందనే తెలియకపోవచ్చు. అతను యూజర్ కాదా?

వాడేవాళ్లను అడిగే ప్రశ్నలు రాసే పనిలో నాకు గురువులు మన పోషకాహార సంస్థవాళ్లే. ఆ సంస్థలో 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సిబ్బంది పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, గడిచిన 24 గంటల్లో ఏం వండారు, ఎవరెంత తిన్నారు అని కొలత గిన్నెలు చూపించి మరీ అడిగేవారు. బాగా తింటున్నారా అని అడిగితే ఎవరైనా బాగానే అంటారు. సాఫ్ట్‌వేర్ నచ్చిందా, అయిదుకు ఎన్ని మార్కులు అన్నా అంతే. అందుకే నేను ఇలా అడుగుతాను: నిన్న దీంతో ఏ ఫైలు తెరిచారు? ఎక్కడ ఆగిపోయారు? అప్పుడు ఎవర్ని అడిగారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే నాకు అన్నిటికన్నా విలువైనది. పక్క సీటు సీనియర్‌ని అన్నారంటే, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సహాయ పుస్తకం వాళ్లకు పనికిరాలేదన్నమాట.

2020 సర్వే ఇంగ్లీషు కాక మరో 8 భాషల్లో వచ్చింది. హిందీ, బంగ్లా ఉన్నాయి, తెలుగు లేదు. ఆ అనువాదాలు చేసేది మనలాంటి వాడకందార్లే. ఉప్పల్, నాచారం పిల్లలూ, మీలో ఇద్దరు ముగ్గురు పూనుకుంటే మళ్లీ సర్వే జరిగినప్పుడు ప్రశ్నలు తెలుగులోకి వస్తాయి. ముందుకు రండి.