మున్నేటి ఇసుకలో బండి చక్రం

హైదరాబాదు–విజయవాడ రోడ్డు కీసర దగ్గర మున్నేరు దాటుతుంది. పైన వంతెన మీద లారీలు పోతుంటాయి, కింద ఏట్లో ఇసుక. ఆ ఇసుకలో ఎడ్లబండి తోలడం తెలిసిన పెద్దలు నందిగామ, జగ్గయ్యపేట వైపు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఎనిమిదో తరగతిలో బలం, పీడనం పాఠం చదివే పిల్లల్ని ముందు వాళ్ల దగ్గరికే పంపాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పాఠంలో ఉన్న విషయం కొంచెమే. నెట్టినా, లాగినా బలం. ఆ బలాన్ని అది పడిన వైశాల్యంతో భాగిస్తే పీడనం. కిలో బరువును భూమి సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది. ఒక న్యూటన్ బలం ఒక చదరపు మీటరు మీద పరుచుకుంటే ఒక పాస్కల్. ఈ నాలుగు ముక్కలూ పిల్లలు ఒక పూటలో అప్పజెప్పేస్తారు. బండి కట్టే వడ్రంగికీ, పట్టా ఎక్కించే కమ్మరికీ మాత్రం ఇది జీవితకాలపు పని. బలాన్ని ఎక్కడ పరచాలి, ఎక్కడ ఒక్కచోటికి తేవాలి? వాళ్ల విద్య అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

చక్రాన్నే చూడండి. నడుమ కుండ, అందులో దిగిన ఆకులు, ఆకుల కొసల్ని కలుపుతూ పూటీలు, వాటి చుట్టూ ఇనుప పట్టా. పట్టాను కమ్మరి చక్రం కన్నా కాస్త చిన్నదిగానే చేస్తాడు. నేల మీద పడుకోబెట్టి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తాడు. ఐదడుగుల చక్రం చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. పట్టా 500 డిగ్రీల మేర వేడెక్కితే దాదాపు 29 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైన సాగుతుంది. ఆ సాగుడు ఉన్న కాసేపట్లోనే నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడగాలి, సుత్తులతో కొట్టి సమం చేయాలి, కర్ర అంటుకోకముందే నీళ్లు గుమ్మరించాలి. పొగ, ఆవిరి, అరుపుల మధ్య అంతా చకచకా జరిగిపోతుంది. చల్లారుతున్న ఇనుము అన్ని వైపుల నుంచీ లోపలికి నొక్కుతుంది. వదులుగా ఉన్న ప్రతి ఆకూ కుండలోకి బిగుసుకుంటుంది. పట్టా మరీ చిన్నదైతే ఆకులు వంగుతాయి, పెద్దదైతే మొదటి ఎండాకాలానికే ఊడిపోతుంది. ఎంత తగ్గించి చేయాలన్నది కాగితం మీద రాసుకున్న లెక్క కాదు, తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నది. వేసవిలో కర్ర ఎండి పట్టా వదులైతే బండివాళ్లు చక్రాల్ని చెరువులో నానేసేవాళ్లు. కర్ర ఉబ్బి మళ్లీ బిగిసేది.

ఇప్పుడు ఆ చక్రాన్ని నేల మీద పెడదాం. బండీ సరుకూ కలిపి టన్ను ఉందనుకుంటే ఒక్కో చక్రం మీద 500 కిలోలు, అంటే 4,900 న్యూటన్లు. పట్టా వెడల్పు రెండంగుళాలు, సుమారు 5 సెంటీమీటర్లు. తారురోడ్డు మీద పట్టా తగిలే నిడివి 2 సెంటీమీటర్లే అనుకుంటే, బరువంతా పది చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. పీడనం 49 లక్షల పాస్కల్లు. మన చుట్టూ ఉన్న గాలి మోపే పీడనానికి ఇది 48 రెట్లు! పట్టా బండ్లు తిరిగిన రోడ్లు గాడులు పడటంలో వింతేముంది?

ఇసుక అంత పీడనం మోయలేదు, చక్రం దిగబడుతుంది. దిగేకొద్దీ పట్టా ఎక్కువ మేర ఇసుకకు ఆనుతుంది, వైశాల్యం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఇసుక మోయగలిగినంతకు వచ్చినచోట ఆగుతుంది. అయితే చక్రం తాను చేసుకున్న గుంటలోంచి తానే ఎక్కుతూ పోవాలి, ఎడ్ల సత్తువంతా అక్కడే ఖర్చవుతుంది. చక్రం పెద్దదైతే అదే లోతుకు ఎక్కువ నిడివి ఆనుతుంది, ఎక్కుడూ వాలుగా ఉంటుంది. ఐదడుగుల చక్రం అందుకే. మరీ దిగబడే చోట కంపా, తాటాకులూ పరుస్తారు, పొడి ఇసుక వదిలి తడి ఇసుక మీదుగా తోలుతారు.

కాడి సంగతి వేరు. అక్కడ బలం పడేది ప్రాణమున్న మెడ మీద. ఎద్దు మూపురానికి ముందు ఆనే చోట కాడిమానును వెడల్పుగా, నున్నగా చెక్కుతారు. సన్నగా ఉంటే అదే బరువు మెడను పుండు చేస్తుంది. జతలో ఒక ఎద్దు బలహీనమైతే నొగ కట్టే చోటును బలమైన ఎద్దు వైపు కాస్త జరుపుతారు. బలహీనమైనదానికి పొడవు కొస దక్కి తక్కువ బలంతో సరిపోతుంది. సరుకు వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేచి పలుపు గొంతు నొక్కుతుంది, ముందుకు ఎక్కువైతే భారం మెడల మీద పడుతుంది. బస్తా సర్దేటప్పుడు తోలేవాడు చూసుకునేది ఇదే. నీళ్లబిందె కింద చుట్టకుదురు పెట్టుకునే ఆడవాళ్లు చేసేదీ వైశాల్యం పెంచడమే. నాగలి కర్రు దగ్గర లెక్క తిరగబడుతుంది: అక్కడ కొన సన్నగా ఉంటేనే నల్లరేగడి చీలుతుంది. అరిగి మొద్దుబారిన కర్రును కమ్మరి కాల్చి సాగగొట్టేది అందుకే.

వైరా, కట్టలేరు నీళ్లు కలుపుకుని కృష్ణ వైపు పోయే మున్నేరు వరదలో ఈ పాఠం ప్రాణాల మీదికి వస్తుంది. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లో ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్లెక్కి వాహనాలు ఆగిపోయాయి. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారే నీరు అడ్డొచ్చినదాని మీద సుమారు 2,000 పాస్కల్ల పీడనం చూపిస్తుంది. పది మీటర్ల బస్సు అడ్డంగా అర మీటరు లోతు నీళ్లలో నిలిస్తే ఐదు చదరపు మీటర్ల మీద పది వేల న్యూటన్లు, అంటే టన్ను బరువంత తోపుడు. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. పిల్లలు దీన్ని పరీక్ష కోసమే కాకుండా ఇంట్లో పెద్దలకు చెప్పడం కోసం కూడా నేర్చుకోవాలి.

గాలి టైర్ల బండ్లు వచ్చాక పట్టా పని తగ్గిపోయింది. టైరు నేలకు ఆనే చోటు ఎంతో పెద్దది, ఎడ్లకు సుఖం, రోడ్డుకు సుఖం. ఆ మార్పు మంచిదే. కానీ ఆ చక్రాన్ని కట్టిన చేతుల్లోని తెలివి కూడా బడి దాకా రాకుండా పోవడం నాకు బాధ.

మాష్టారికి కావలసిందల్లా ఒక ఇటుక. మూడు కిలోల ఇటుకను పొడి ఇసుక మీద పడుకోబెడితే పీడనం సుమారు 1,200 పాస్కల్లు, నిలబెడితే 3,600. దిగిన లోతును స్కేలుతో కొలవాలి. తర్వాత ఆ ఇసుకను తడిపి, తట్టి, ఇటుకను మళ్లీ నిలబెట్టాలి. పీడనం అదే 3,600, లోతు మాత్రం బాగా తగ్గుతుంది. రేణువుల మధ్య చేరిన పలుచటి నీటి పొర వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతోంది. బండి తోలే పెద్దాయన తడి ఇసుక వెతుక్కున్నది దీని కోసమే. అయితే ఇసుక నీళ్లలో పూర్తిగా మునిగితే ఆ పట్టు ఉండదని కూడా ఆయనకు తెలుసు. అందుకే ఏటి అంచున, తడి ఆరీ ఆరని చోట తోలతాడు.