పఠాభి తెలుగు దాటి తీసిన సినిమా

ఆనేకల్‌లో తెలుగు చదువుకునే విద్యార్థులకు మేము ‘సంస్కార’ చిత్రాన్ని చూపించినప్పుడు వెనుక వరుసలోంచి ఒక ప్రశ్న వచ్చింది: “తీసినాయన మనవాడే గదా సార్, తెలుగులో ఎందుకు తీయలేదు?” ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, హోసూరు దాకా పోతే తమిళం వినే పిల్లలకు ఇది సహజమైన ప్రశ్నే. మద్రాసు వ్యాపార చిత్రరంగం పఠాభికి ఊపిరాడనీయలేదన్నది దీనికి సాధారణంగా దొరికే జవాబు. అది సగమే నిజమని మా అభిప్రాయం.

తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి (1919–2006) నెల్లూరువాడు. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో ఛందస్సునూ వ్యాకరణాన్నీ వెక్కిరించి, ఇంగ్లీషు మాటలను నిస్సంకోచంగా పద్యంలోకి దించినవాడు. అటువంటి మనిషి సినిమా నిర్మాణానికి దిగి ఎవరితో చేతులు కలిపాడు? క్రమశిక్షణకు మారుపేరైన కె.వి.రెడ్డితో! ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958), ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ (1963), ‘భాగ్యచక్రం’ (1968) నిర్మాణాల్లో ఆయన పాలుపంచుకున్నాడు.

కె.వి.రెడ్డి స్క్రిప్టు దశలోనే స్టాప్‌వాచీ పెట్టి సన్నివేశం నిడివి తేల్చుకునేవాడు. నిర్మాత ఒత్తిడి దర్శకుని గొంతు నులుముతుందని వాదించేవారు, విజయా సంస్థలో ఆయన తీసిన ‘మాయాబజార్’ (1957)ను ఎక్కడ ఉంచుతారు? ఆ హద్దులు ఆయనకు సంకెళ్ళు కావు, పనిముట్లు. అయితే ఆ పనిముట్లు ఎల్లకాలం పనిచేయలేదు. 1968లో ‘ఉమాచండీ గౌరీశంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ రెండూ నిలబడలేదు. పఠాభి ఈ పతనాన్ని దగ్గరనుంచి చూశాడు.

1970లో ‘సంస్కార’కు నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే. అంటే స్టూడియో యజమాని ఒత్తిడి అన్నది అసలు లేదు. అంత స్వేచ్ఛ ఉన్నవాడు తెలుగులో తీయవచ్చు గదా? ఇక్కడే పాత జవాబు చాలదు. దహనం చేసే దిక్కులేని ఒక శవం చుట్టూ తిరిగే ఆ కథ యు.ఆర్.అనంతమూర్తి కన్నడ నవల. స్క్రీన్‌ప్లే రాసి ప్రాణేశాచార్యుడుగా నటించినవాడు గిరీష్ కర్నాడ్. నారణప్ప పాత్రధారి పి.లంకేశ్ స్వయంగా రచయిత. చంద్రి పాత్ర వేసిన స్నేహలత పఠాభి భార్య; మద్రాస్ ప్లేయర్స్ నాటక బృందంలో ఆమె, కర్నాడ్ సహచరులు. తెలుగులో చలం, బుచ్చిబాబు, గోపీచంద్ నవలలున్నాయి. వస్తువుకు కరువు లేదు. రచయితా నటుడూ దర్శకుడూ ఒకచోట కూర్చుని వాదించుకునే ఇటువంటి బృందమే మన సినిమాకు కరువైంది. ఆ లోటును వ్యాపారం మీదికి తోసేయడం సులువు.

తరువాత జరిగింది మరీ విచిత్రం. ‘ఒక ఊరి కథ’ (1977) తీసినవాడు మృణాల్ సేన్, ‘అనుగ్రహం’ (1978) శ్యామ్ బెనెగల్, ‘మా భూమి’ (1979) గౌతమ్ ఘోష్. మనవాడు కన్నడానికి వెళ్ళాడు, బయటివారు మన దగ్గరికి వచ్చారు!

భాషాశాస్త్రం చదివినవారం గనుక మరొక మాట. పద్యంలో మాటలతో అంతగా ఆడుకున్న పఠాభి ఈ చిత్రంలో ఆ వెటకారాన్ని పూర్తిగా వదిలేశాడు. పరభాషలో చమత్కరించే సాహసం చేయక ముఖాలను, మౌనాన్ని నమ్ముకున్నాడనిపిస్తుంది. ఛాయాగ్రాహకుడు టామ్ కోవన్ ఆస్ట్రేలియా దేశస్థుడు. అగ్రహారాన్ని వాకిట్లో నిలబడి చూసే చూపు ఈ సినిమాది. దాని బలమూ అదే, పరిమితీ అదే. నవల లోపలి గదుల్లోకి వెళ్ళినంతగా సినిమా వెళ్ళలేదు.

వ్యాపారపు ఒత్తిడి లేకపోతే ఒత్తిడే లేదనుకోవడమూ పొరపాటే. మద్రాసు సెన్సారువారు చిత్రాన్ని నిషేధించారు. ఆ నిషేధం తొలగాక అదే చిత్రం జాతీయ ఉత్తమ చిత్రమైంది. ఎమర్జెన్సీలో జైలుపాలైన స్నేహలత 1977 జనవరిలో మరణించారు. పఠాభి ఆ తరువాత కూడా ‘దేవరకాడు’ (1993) దాకా కన్నడంలోనే తీశాడు.

వచ్చే నెల ఆనేకల్‌లో ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ చూపించాలనుకుంటున్నాము. ఆ నిర్మాణంలో ఎవరి చెయ్యి ఉందో మాత్రం సినిమా అయ్యేదాకా చెప్పము.